తువ్వాలు తీసిన బేరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో మామిడికాయల బేరం నోటితో జరిగేది కాదు, చేతులతో జరిగేది. మా తాతయ్య నూజివీడులో మామిడిపళ్ల వర్తకుడు. వేసవి వచ్చిందంటే ఆగిరిపల్లి, చాట్రాయి, రెడ్డిగూడెం తోటల నుంచి రసాలూ బంగినపల్లీ బళ్ల మీద వచ్చి మా దొడ్లో దిగేవి. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుని చేతుల మీద ఒక తువ్వాలు కప్పుకునేవాళ్లు. దాని కింద ఒకరి వేళ్లు ఒకరు నొక్కుతూ ధర చెప్పుకునేవాళ్లు. చుట్టూ ఎంతమంది వ్యాపారులున్నా ఎవరి బేరం వాళ్లకే తెలిసేది. మొహాలు చూస్తే మాత్రం ఇద్దరూ వాన ఎప్పుడొస్తుందా అని ఆలోచిస్తున్నట్టు ఉండేవి. నాకది భలే సరదా. తాతయ్య పక్కన చతికిలబడి, మోచేతిదాకా రసం కారేలా పండు జుర్రుకుంటూ ఆ తువ్వాలు వంకే చూసేదాన్ని.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తరోజులవి. బియ్యం, కిరసనాయిలు, బట్ట, ఏది కావాలన్నా కంట్రోలే, సర్కారు కొలిచి ఇచ్చినంతే. బట్టకైతే మరీ కటకటగా ఉండేది. మా ప్రాంతపు అసెంబ్లీ మెంబరు గారంటే అప్పట్లో జనానికి దేవుడే. ఉద్యమంలో జైలుకెళ్లిన మనిషి. ఆయన విడుదలై వచ్చిన రోజున మా తాతయ్య స్వయంగా కాళ్లు కడిగి, పీట వేసి, అన్నం పెట్టాడట. అలాంటి ఆయన మీద పోలీసు కేసు వచ్చింది. కూలీల ఊళ్లకు చేరాల్సిన కంట్రోలు బట్టల బేళ్లను దారి మళ్లించి దొంగచాటుగా అమ్మిస్తున్నారని అభియోగం.

చాలామంది నమ్మలేదు. తాతయ్యకు నమ్మకుండా ఉండే వీలు లేకపోయింది. మెంబరు గారి తోట పంట చూడటానికి వెళ్లినప్పుడు, పళ్లు మాగవేసే కొట్లో గడ్డి కింద ఆ బేళ్లు ఆయన కంటబడ్డాయి. పోలీసులు వచ్చి అడిగితే చూసింది చూసినట్టు చెప్పాడు. దాంతో కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పమని పిలుపు వచ్చింది.

కేసు ఉంది సరే, మెంబరు గారి పదవి మాత్రం చెక్కుచెదరలేదు. మా పళ్లు మద్రాసుకో కలకత్తాకో వెళ్లాలంటే రైలు వ్యాగన్లు కావాలి. ఆ రోజుల్లో అవి దొరకడమే కష్టం. ఎవరికి దొరకాలన్నది ఆయన మాట మీద నడిచేది. ఆ ఏడు తాతయ్య తన తాహతుకు మించి తోటలు గుత్తకు తీసుకున్నాడు. కాపు కూడా విరగబడి కాసింది. అందరికీ వ్యాగన్లు వస్తున్నాయి, మాకు రావడం లేదు. చిన్నరసం ఎవరి కోసమూ ఆగే పండు కాదు. దొడ్లో బుట్టలకు బుట్టలు మిగలముగ్గిపోతుంటే మా మామ్మ తాతయ్యతో మాట్లాడటం మానేసింది.

అలాంటి సమయంలో ఒక ఉదయం మెంబరు గారే మా దొడ్లోకి వచ్చారు. ఏటా తన తోట పంట మాకే అమ్మేవారు కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. తెల్లటి ఖద్దరు, చల్లటి నవ్వు. నా బుగ్గ గిల్లి, తాతయ్య ఎదురుగా కూర్చుని, తన కండువాయే తీసి ఇద్దరి చేతుల మీదా కప్పారు. కాసేపు కాపు గురించీ గాలివానల గురించీ మాట్లాడారు. తరవాత ముందుకు వంగి, పక్కనున్న నాకు మాత్రం వినబడేంత మెల్లగా, “వాయిదా రోజున ఒంట్లో బాగోలేదనండి షావుకారు గారూ. అంతకంటే నేనేం అడగట్లేదు. వ్యాగన్లు రేపే వస్తాయి” అన్నారు. కండువా కింద ఆయన చెయ్యి తాతయ్య అయిదు వేళ్లనూ కలిపి నొక్కింది.

మా తాతయ్య కళ్లు మూసుకున్నాడు. ఒప్పుకుంటాడనే అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఒప్పుకుంటే బాగుండుననే అనుకున్నాను. గుమ్మం వెనక నిలబడ్డ మామ్మ కూడా అదే కోరుకుని ఉంటుంది.

తాతయ్య కళ్లు తెరిచి, వేలంపాట వేసేవాడిలా గొంతెత్తి అరిచాడు. “మెంబరు గారు అయిదు వ్యాగన్లంటున్నారండోయ్! నేను కోర్టుకి వెళ్లకుండా ఉండటానికి! పైన పాడేవాళ్లెవరన్నా ఉన్నారా?”

బుట్టలు మోసేవాళ్లు మోస్తున్నచోటే ఆగిపోయారు. మెంబరు గారు చెయ్యి లాక్కోబోయారు గానీ తాతయ్య పట్టు వదల్లేదు. రెండో చేత్తో నెమ్మదిగా ఆ కండువా తీసి, మడత పెట్టి ఆయన ఒళ్లో ఉంచాడు. వ్యాపారులూ, బండివాళ్లూ, ఆడకూలీలూ అంతా చూస్తుండగా ఆయన చెయ్యి మా తాతయ్య చేతిలో ఉంది.

“కాయంటే నాదండీ, అమ్ముకుంటాను” అన్నాడు తాతయ్య. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. “ఆ వ్యాగన్లు మీవి కావు. ఈ సాక్ష్యం నాదీ కాదు. ఇద్దరిదీ కాని సరుక్కి మనమేం బేరమాడతామండీ?”

మెంబరు గారు చెయ్యి విడిపించుకుని లేచి వెళ్లిపోయారు. ఆయన వెళ్లాక నాకు భయమూ వేసింది, అనుమానమూ వచ్చింది. సాక్ష్యం నీది కాకపోతే మరెవరిది తాతయ్యా అని అడిగాను. ఆయన పళ్లు ఏరుతున్న ఒక ముసలమ్మను చూపించాడు. ఆవిడ, ఆవిడ కోడలు ఇద్దరూ మా దగ్గరే కూలి చేసేవాళ్లు. కానీ ఇద్దరూ కలిసి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఒకళ్లంటే ఒకళ్లకు పడదేమో, అందుకే వంతులేసుకుని వస్తున్నారనుకునేదాన్ని. బయటికి కట్టుకొచ్చే చీర ఇద్దరికీ ఒక్కటే ఉందని ఆ రోజు తాతయ్య చెబితే తెలిసింది. చేతిలో పండు ఇక తినబుద్ధి కాలేదు.

తాతయ్య కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పాడు. మాకు ఆ వేసవంతా వ్యాగన్లు రాలేదు. మామ్మ కడుపుమంట కొద్దీ ఇంట్లో ఉన్న చాపలన్నిటి మీదా తాండ్ర పోసింది. ఎంత పోసినా, ఎంత పంచిపెట్టినా మిగిలింది మిగిలినట్టే కుళ్లింది. ఈగలతో ఇంట్లో కూర్చోలేకపోయేవాళ్లం. మరుసటి ఏడు తాతయ్య ఆగిరిపల్లి వైపు తోటలన్నీ వదులుకోవాల్సి వచ్చింది. మళ్లీ ఆ స్థాయి వ్యాపారం ఆయన చెయ్యనేలేదు.

మెంబరు గారికి శిక్ష పడింది, పదవీ పోయింది. ఆ కబురు తెచ్చినవాడు పండగ చేసుకోవాల్సిన వార్తలా చెప్పాడు. తాతయ్య మాత్రం విస్తరి ముందు కూర్చుని కూడా అన్నం కలపలేకపోయాడు. “దేశం కోసం వెళ్లిన చోటికి మళ్లీ ఇందుకోసం వెళ్తున్నాడే” అని కళ్లు తుడుచుకున్నాడు. తను చేసినదానికి గర్వపడినట్టు ఆయన ఎన్నడూ కనబడలేదు. ఆ గర్వమేదో ఇన్నేళ్లుగా నేనే పడుతున్నాను. మా తాతయ్యంత మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు కాలం మారింది. పోటీ చేసేవాళ్లు తమ మీదున్న కేసులను శుభలేఖ వేసినట్టు పేపర్లో వేయించి మరీ ఓట్లడుగుతున్నారు. జనం చదివి, మడిచి, పకోడీలు పొట్లం కట్టుకుంటున్నారు. మొన్న ఎన్నికలప్పుడు ఒక కుర్రాడు మా గుమ్మంలోకి కుక్కరు తెచ్చాడు. ఫలానా గుర్తుకు వెయ్యండి మామ్మగారూ, ఇది మీకే అన్నాడు. మంచి పిల్లవాడే, ఎండకు మాడిపోయి ఉన్నాడు. మజ్జిగ ఇచ్చి, “ఈ ఓటు నా ఒక్కదానిదే అయితే బేరమాడేదాన్నే నాయనా” అన్నాను. వాడికి అర్థమైందో లేదో గానీ, మజ్జిగ తాగి కుక్కరు పట్టుకుని వెళ్లిపోయాడు.

మా కోడలు వెనక నుంచి, “మంచి కుక్కరు, అత్తయ్యా” అని గొణిగింది.

మంచిదే. ఆ ఏడు మా దొడ్లో కుళ్లిపోయిన రసాలు కూడా మంచివే.