పద్నాలుగో ఫారం మామ్మగారు

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ పడుకునే ముందు డైరీ రాసుకునే అలవాటు ఉన్నదాన్ని, ఆ డైరీకి కూడా చెప్పలేదు. ఆ తేదీ కింద "ఎండ ఎక్కువగా ఉంది. ఇరవై ఫారాలూ పూర్తయ్యాయి" అని మాత్రమే ఉంటుంది. అందులో ఎండ సంగతి నిజం.

ఆ రోజుల్లో నాకు మనుషులతో మాట్లాడటం అంటే చచ్చేంత భయం. ఆ రోజులంటే ఏ పాతకాలమో కాదు, మొన్నటి అసెంబ్లీ ఎన్నికల ముందు రోజులే. కానీ అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టాలమ్మాయిని తలుచుకున్నట్టే ఉంటుంది. డిగ్రీ అయిపోయింది. తణుకులో మా ఇంటి పెరటి గదిలో కూర్చుని లైబ్రరీ పుస్తకాలు ఒకటి తర్వాత ఒకటి చదవడం తప్ప నాకు వేరే వ్యాపకం లేదు. బజారుకెళ్తే కొట్టువాడు కిలో అడిగితే అరకిలో ఇచ్చినా నోరు మెదపకుండా తెచ్చేసుకునేదాన్ని. అలాంటి నన్ను మా అమ్మ రాజమండ్రిలో ఎన్నికల సర్వే పనికి పంపింది. ఇంటింటికీ వెళ్ళి, ఓటు ఎవరికి వేస్తారని ముక్కూమొహం తెలియని వాళ్ళని అడిగే పని. "ఈ నెల రోజుల్లో దానికి మాటలొస్తాయి చూడండి" అని వీధిలో అందరికీ చెప్పి మరీ పంపింది. (పిల్ల రెండేళ్ళది అనుకుని ఉంటారు, వినేవాళ్ళు తెలియనివాళ్ళయితే.)

మా సూపర్‌వైజర్ గారు పెద్దాయన, మెత్తని మనిషి. చేతిలో ఎప్పుడూ రెండు లీటర్ల నీళ్ళ సీసా ఉండేది కాబట్టి మేమంతా చాటుగా సీసా గారు అనుకునేవాళ్ళం. ట్రైనింగులో ఆయన చెప్పినవి మూడే. ఓటరు లిస్టులోంచి తీసి ఇచ్చిన పేర్లనే అడగాలి, పక్కింటివాళ్ళని కాదు. జవాబు ఏదైనా మన మొహంలో ఏమీ కనపడకూడదు. మూడోది చెప్పేటప్పుడు మాత్రం సీసా బల్ల మీద పెట్టారు. "ఒక్క ఫారం, ఒక్కటంటే ఒక్కటి, ఇంట్లో కూర్చుని నింపారని తేలిందా, ఆ ఊరి సర్వే మొత్తం పోతుంది. టీమంతా ఇంటికెళ్తాం. నేనూ వెళ్తాను."

మొహంలో ఏమీ కనపడకుండా ఉండటం నాకు సహజంగానే వచ్చు. అడగటమే రాదు. పైగా మా గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చిన మనిషిని కాదనడం మర్యాద కాదు కదా. ఈసారి తప్పకుండా ఓటు వేస్తారా అంటే "ఆయ్, ఏత్తామండి" అని అందరూ అనేవాళ్ళు. కిందటిసారి వేశారా అని ఇంకో ప్రశ్న వేస్తే గానీ, ఆ రోజు అన్నవరంలో పెళ్ళికెళ్ళారన్న సంగతి బయటపడేది కాదు. ఎవరికి వేస్తారంటే "నువ్వెవరికి ఏత్తావో చెప్పమ్మా, ఇంత దూరం వచ్చి అడిగావు, నీ మాటెందుకు తీసేయాలి" అనేవాళ్ళు. ఎందుకు వేస్తారు అనే ప్రశ్నకి జవాబు వాళ్ళ మాటల్లోనే ట్యాబులో టైపు చేయాలి. అక్కడ అందరి జవాబూ ఒకటే. "మంచోడండి."

ఆ రోజు నాకు అప్పగించిన ఊరు ద్రాక్షారామం దాటాక కాలువ గట్టున ఉంటుంది. ఊరి మొదట్లో తూము పగిలి, నీళ్ళు దారి మీదికొచ్చి, నడి ఎండాకాలంలో కూడా చీలమండల్లోతు బురద. నా కొత్త చెప్పులు అందులో దిగి పాత చెప్పులైపోయాయి. పదమూడు ఇళ్ళు ఎలాగో అయ్యాయి. పద్నాలుగోది ఆకుపచ్చ గేటున్న చిన్న డాబా. లిస్టులో డెబ్భై మూడేళ్ళ ఆవిడ పేరు. గేటు గడియ మీద చెయ్యి వేశాను. నెట్టాను, లాగాను, రాలేదు. అప్పుడే లోపల్నుంచి ఖంగుమని ఒక గొంతు, "ఎన్నిసార్లు చెప్పినా బుద్ధి రాదేంటి నీకు? సిగ్గుండక్కర్లేదూ?" అంది. నన్ను కాదని నాకు తెలుసు. అయినా గడియ పట్టుకునే ఓ పది నిమిషాలు అలా నిలబడిపోయాను. తాళం వేసి ఉందని రాద్దామంటే తలుపు బార్లా తీసి ఉంది. పైగా తాళమని రాయాలంటే మూడుసార్లు వచ్చి చూడాలి. సాయంత్రం ఆటో వెళ్ళేలోపు ఇంకా ఆరిళ్ళు కావాలి.

ఆ వీధి చివర మూసి ఉన్న రేషన్ షాపు అరుగు మీద కూర్చుని, పద్నాలుగో ఫారం నేనే నింపేశాను.

ఆవిడ చదువుకోలేదు అని పెట్టాను. ఫోను లేదు అని పెట్టాను, తనిఖీకి ఫోన్ చేస్తారని తెలిసినంత తెలివి అప్పుడు పనిచేసింది. ట్యాబు కొన్ని ఫారాలకి దానంతటదే మాటలు రికార్డు చేస్తుంది, అదృష్టమో దురదృష్టమో దీనికి చేయలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ "ఎందుకు" అన్న ఖాళీ గడి దగ్గరికి వచ్చేసరికి నాలో ఏదో కదిలింది. ఇన్నాళ్ళూ చదివిన పుస్తకాలన్నీ వేళ్ళ చివరికొచ్చాయి. "ఇంకా తేల్చుకోలేదు. ఓటడగటానికి వచ్చిన ప్రతివాళ్ళూ తూము దగ్గర కారు దిగి బురదలో నడిచే వచ్చారు. చెప్పులకి బురద ఉన్నంతసేపూ తూము బాగుచేయిస్తామన్నారు. కుళాయి దగ్గర చెప్పులు కడుక్కున్నాక మరిచిపోయారు. ఈసారి బురద చెప్పులతోనే తిరిగి వెళ్ళినవాళ్ళకి వేస్తాను" అని రాసి పంపేశాను. రాసినంతసేపూ, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, చాలా హాయిగా అనిపించింది.

నాలుగో రోజు పొద్దున్నే సీసా గారు నవ్వుతూ వచ్చారు. "ఏంటమ్మా, హైదరాబాద్ ఆఫీసులో నీ పద్నాలుగో ఫారం గురించే మాట్లాడుకుంటున్నారంట. ఆ చెప్పుల మాట రిపోర్టులో మొదటి పేజీలో వేస్తారంట. ఆవిడకి ఫోను లేదన్నావు కదా, అక్కడి మేడమ్ గారు స్వయంగా వచ్చి చూసి వెళ్తామన్నారు. కారులో నువ్వూ రా." ఆ తర్వాత గొంతు తగ్గించి, "నేను చెప్పానులే వాళ్ళకి, ఈ పిల్ల మాట్లాడదు గానీ అబద్ధం మాత్రం ఆడదండి అని" అన్నారు. తల వంచుకుని ట్యాబు సంచీలో పెట్టుకున్నాను.

కారులో ముందు సీట్లో హైదరాబాద్ మేడమ్, వెనక సీసా గారు, నేను. ఊరు దాటగానే నిజం చెప్పేద్దామనుకున్నాను. రాజమండ్రి దాటింది. సరే, వంతెన రాగానే అనుకున్నాను. వంతెనలు మా వైపు కొదవేముంది, ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. ద్రాక్షారామం గోపురం కనపడగానే దేవుడి సాక్షిగా చెప్పేస్తాననుకుని నోరు తెరిచాను కూడా. "ఏసీ తగ్గించమంటావా అమ్మా?" అన్నారు సీసా గారు. "వద్దండి" అన్నాను. ఆ ప్రయాణం మొత్తమ్మీద నేను మాట్లాడింది అంతే. పక్కన ఆయన సీసాలో నీళ్ళు కారుతో పాటు ఊగుతుంటే, ఆయన ఉద్యోగమే అందులో ఊగుతున్నట్టు అనిపించింది.

తూము దగ్గర కారు ఆగిపోయింది. మేడమ్ తెల్ల బూట్లు బురదలో పెట్టి, "నిజమే చెప్పిందావిడ" అన్నారు మెచ్చుకోలుగా. ఆకుపచ్చ గేటు దగ్గరికొచ్చాం. "నువ్వు వచ్చిన ఇల్లే కదా, తియ్యి" అన్నారు. నెట్టాను. లాగాను. గడియ అటూ ఇటూ తిప్పాను. వీపు మీద ఇద్దరి చూపులూ తగులుతున్నాయి. సీసా గారు మూత తీసి గుక్కెడు నీళ్ళు తాగారు. లోపల్నుంచి మళ్ళీ అదే గొంతు, "బుద్ధి రాదు, మీకింక ఈ జన్మకి బుద్ధి రాదు" అంటూ టీవీ కట్టేసిన చప్పుడైంది. (ఆవిడ తిట్టేది టీవీలో వాదించుకునే నాయకుల్నని అప్పుడు గానీ తెలియలేదు.) తర్వాత ఆవిడే వచ్చి గేటు తీశారు. సన్నగా, నిటారుగా ఉన్నారు. కళ్ళజోడు, చంకలో మడతపెట్టిన పేపరు. పేపరు చూడగానే నా పని అయిపోయిందని అర్థమైంది.

"మామ్మగారూ, ఈ అమ్మాయి మొన్న మీ ఇంటికొచ్చి కొన్ని ప్రశ్నలు అడిగిందా అండి?" అని మేడమ్ అడిగారు.

మామ్మగారు నా వైపు చూశారు. నేను ఆవిడ పాదాల వంక చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట, "లేదండి" అంటే చాలు.

"వచ్చిందండి" అన్నారు మామ్మగారు. "పాపం, మిట్టమధ్యాహ్నం ఎండలో. మజ్జిగ కూడా కలిపాను. కూర్చోండి."

నాకు కూర్చోమన్న మాట ఒక్కటే వినపడింది. కూర్చున్నాను. మేడమ్ ట్యాబు తీసి ఒక్కొక్కటీ చూస్తుండగా బల్ల మీద ఫోను మోగింది. మామ్మగారి ఫోనే. ఆవిడ తీసి "తర్వాత చేస్తాను, మనుషులొచ్చారు" అని పెట్టేశారు. మేడమ్ కనుబొమలు పైకి లేచాయి. "ఫోను లేదని రాసుందండీ."

"తెలియనివాళ్ళకి నంబరు చెప్పద్దని టీవీల వాళ్ళే గోల పెడుతున్నారు కదండీ. లేదన్నాను. మీకు మాత్రం ఇస్తానా ఏంటి?"

సీసా గారు నవ్వేశారు. అంతలో మేడమ్ గోడ వైపు చూశారు. గోడకి పెద్ద ఫోటో. బడి పిల్లల వరసల మధ్య కుర్చీలో మామ్మగారు, మెడలో దండ, కింద పదవీ విరమణ అని అక్షరాలు. "మీరు టీచరా అండి?"

"ముప్ఫై ఏళ్ళు. లెక్కలు."

"ఇక్కడ చదువుకోలేదు అని ఉంది."

సీసా గారు నవ్వడం ఆపేశారు, నా వైపు తిరిగారు. చెప్పేయాలని లేచాను. నిజంగానే లేచాను. "మేడమ్..." అన్నాను.

"కూర్చో అమ్మా" అన్నారు మామ్మగారు, క్లాసులో అన్నట్టే. కూర్చున్నాను. "అది నా తప్పేనండి. ఏం చదువుకున్నారని అడిగితే, ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పాను గానీ నేను నేర్చుకున్నదేమీ లేదమ్మా అన్నాను. మాటవరసకి అంటాం కదా. ఈ పిల్ల ఉన్నదున్నట్టు రాసేసినట్టుంది. ఏది, ఇంకేం రాసిందో చదవండి."

మేడమ్ చెప్పుల మాట చదివి వినిపించారు. మామ్మగారు కళ్ళజోడు తీసి, చీర చెంగుతో అద్దాలు తుడుచుకుంటూ చివరిదాకా విన్నారు. మళ్ళీ ఒకసారి చదవమన్నారు. "ఈ మాట నేను అన్నానా?" అని కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "అనే ఉంటాను. బాగుంది" అన్నారు. మేడమ్ తనిఖీ కాగితం మీద సంతకం పెట్టారు. అందరికీ మజ్జిగ వచ్చింది. అంత పుల్లటి మజ్జిగ, అంత తియ్యగా నేనెప్పుడూ తాగలేదు.

ఇప్పుడు నేను ఒక స్కూల్లో రోజుకి ఐదు పీరియడ్లు గొంతు పోయేలా మాట్లాడుతున్నాను. మా అమ్మ, అంతా ఆ సర్వే చలవే అని వీధిలో చెప్పుకుంటుంది. ఆ రిపోర్టు మొదటి పేజీలో "ఒక విశ్రాంత ఉపాధ్యాయిని" అంటూ నా మాటలే వచ్చాయి. సీసా గారు దాన్ని జిరాక్సు తీసి మా అందరికీ పంచారు. ఆయన కాగితం నా చేతికిచ్చేటప్పుడు నవ్విన నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా, నా ఒక్క ఫారంతో రాష్ట్రం తారుమారై ఉండదులే అని నాకు నేనే సర్ది చెప్పుకుంటాను. మళ్ళీ ఆ ఊరు వెళ్ళాలని ఎన్నోసార్లు అనుకున్నాను. తణుకు నుంచి ఎంత దూరం గనక. గేటు దాకా వెళ్ళి మళ్ళీ నిలబడిపోతానేమోనని ఆ పాత పిల్ల నా కొంగు పట్టుకుని లాగుతుంది, దానికి నచ్చజెప్పలేక ఊరుకుంటాను.

ఆ రోజు వాళ్ళిద్దరూ కారు వైపు నడుస్తుంటే నేను వెనక్కి పరిగెత్తాను. మామ్మగారు గేటు వేస్తున్నారు. కాగితం లేకుండా, ట్యాబు లేకుండా, నా అంతట నేను ఒక కొత్త మనిషిని ప్రశ్న అడగటం అదే మొదటిసారి.

"మామ్మగారూ, అసలు మీరు ఎవరికి వేస్తారండి?"

ఆవిడ గేటు అవతల్నుంచి నన్ను ఎగాదిగా చూశారు.

"అది చెప్పనమ్మా. ఆ రోజు లోపలికొచ్చి అడుగుతావని మజ్జిగ కలిపి పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. వెళ్ళిపోయావు, నేనే తాగేశాను. ఈసారి వస్తే, ఈ గడియ ఇలా పైకెత్తి నెట్టు. ఊరికే పట్టుకుని నిలబడితే రాదు."