యేసుదాసు వేసిన ముడి

ఖానాపూర్ బస్టాండు వెనక సందులో పర్శరాములు ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. నవారు పర్శయ్య అంటే మాత్రం గుమ్మం దాకా తీసుకెళ్లి దింపుతారు. మంచాలకు అల్లే నవారు నేయడంలో ఆయన చేతికి ఎదురు లేదు. ఎదురు లేదని ఆయనే అందరికీ చెప్పుకుంటాడు, చిక్కంతా అదే. వయసులో ఉండగా సిరిసిల్లలో సాంచాలు నడిపి, ఆ కరెంటు మగ్గాల చప్పుడుకు ఒక చెవి సగం పోగొట్టుకున్నాడు. తర్వాత భార్య కమలవ్వ పుట్టిన ఊరని ఇక్కడికొచ్చి చేతిమగ్గం పెట్టుకున్నాడు. ప్లాస్టిక్ పట్టీల మంచాలు వచ్చాక నవారు అడిగే నాథుడు లేడు. అయినా నేస్తూనే ఉన్నాడు. మగ్గం దిగితే కమలవ్వ చెప్పేది వినాల్సి వస్తుందని భయం కాబోలు అని మేం నవ్వుకునేవాళ్లం.

నిరుడు చలికాలంలో వనజ అనే అమ్మాయి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. కరీంనగర్‌లో నలుగురు ఇంజనీర్లు కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీ ఆమెది. కంచె అక్కర్లేకుండా పశువులను మేపే జీపీఎస్ కాలర్లు తయారుచేస్తున్నారు. ఆవు మెడకు ఒక చిన్న డబ్బా కడతారు. ఆవు ఎక్కడుందో ఆ డబ్బా ఫోనుకు చెబుతుంది. ఫోనులో పటం మీద వేలితో గీత గీస్తే అదే కంచె. గీత దగ్గరికి ఆవు వస్తే డబ్బా కూత పెడుతుంది, అయినా ఆగకపోతే మెడ మీద చురుక్కుమనిపిస్తుంది. కొన్నాళ్లకు ఆవు కూత వినగానే వెనక్కి తిరగడం నేర్చుకుంటుంది. ఖానాపూర్ అవతల అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో పరీక్ష మొదలుపెట్టారు. అక్కడ ఒక పక్క అడవి, అందులో కంచె వేయనివ్వరు. ఇంకో పక్క చేలు, వాటి చుట్టూ కంచె వేసే స్తోమత ఎవరికీ లేదు. కాలర్లు బాగానే పనిచేశాయి కానీ వాళ్లు తెచ్చిన నైలాన్ పట్టీలు ఒరుసుకుని ఆవుల మెడలు పుండ్లు పడ్డాయి.

"కాకా, మెత్తగుండాలె, గట్టిగ గూడ ఉండాలె. నూలుతోని నేసిస్తవా?" అని అడిగింది వనజ.

ఎన్నాళ్లకో ఒక మనిషి తన పనిని వెతుక్కుంటూ వస్తే పర్శరాములు పొంగిపోయాడు. ఆవుల మెడ కొలతలు ఆమె తెచ్చింది. ఒక్కో పట్టీలో ఆ కొలత దగ్గర అడ్డంగా ఒక ఎర్రపోగు వేశాడు, ముడి సరిగ్గా దాని మీద పడితే వదులూ కాదు, బిగుతూ కాదు. బుద్ధిగా చేసిన పని. ఇంతటితో ఆగి ఉంటే ఈ కథ లేదు. తాతల నాటి అలవాటు కదా, పడుగుకు గంజి పెట్టాడు. పట్టీ దించాక నిగనిగలాడాలని ఇంకోసారి చిక్కటి గంజిలో ముంచి ఆరేశాడు.

"పసులకు కుడితిల వోసెటి గంజి అది. పసుల మెడకు గట్టెదానికి ఎందుకు?" అంది కమలవ్వ, అన్నం వార్చిన గంజి గిన్నె అందిస్తూనే.

"గంజి లేని నూలు నడుము లేని మనిషసొంటిది. నీకేం దెలుసు, ఊకో."

ఆమె గిన్నె అక్కడ పెట్టి పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ ఊళ్లో మంద కాసేది యేసుదాసు. చర్చి పక్క వాడలో ఇల్లు. పొద్దున్నే అందరూ పశువులను చెరువు కట్ట దగ్గరికి తోలితే, సాయంత్రం ఎవరివి వాళ్ల వాకిట్లోకి చేర్చడం ఆయన పని. వాళ్ల నాయన కూడా ఆ పనే చేశాడు. కాలర్ల పరీక్షలో పట్టీలు కట్టడం ఆయనకే అప్పగించారు. కొక్కేలు పెడితే పొదలకు తగులుకుంటున్నాయని పట్టీలకు ముడులే వేశారు. యేసుదాసు ముడి వేసి, రెండు చేతులా లాగి చూసి, ఆవు వీపు మీద ఒక చరుపు చరిచి వదిలేవాడు. ఎండలున్నన్నాళ్లూ ఏ గొడవా లేదు. మెడల మీద పుండ్లు మానాయి. పర్శరాములు హోటల్లో చాయ్ తాగుతూ, తన నవారు ఇప్పుడు ఉపగ్రహాలతో మాట్లాడుతోందని చెప్పుకునేవాడు.

మార్చిలో అకాల వాన పట్టింది. కోత అయిపోయిన జొన్నచేలలో మోళ్లకు లేత పిలకలు వచ్చాయి. ఆ పిలకలు పశువుకు విషం. కడుపునిండా తిన్నదంటే ఇంటికి తిరిగి రాదు. అందుకని వనజ ఫోనులో గీతను చేలకు ఇంకా ఇవతలికి జరిపింది. అదే వాన ఆవుల మెడల మీద గంజిని కూడా నానబెట్టిందని ఆమెకు తెలియదు.

ఒక మధ్యాహ్నం ఆ ఊరి మగ్దలేనమ్మ ఎర్రావును చూపించే చుక్క ఫోను పటంలో గీతకు లోపలే, మోదుగు చెట్ల కింద కదలకుండా ఉంది. యేసుదాసు ఫోను చూసి, పడుకుని నెమరేస్తోందనుకున్నాడు. మిగిలిన మందను నీళ్లకు తోలుకెళ్లి, చెట్టు నీడన కాసేపు నడుం వాల్చాడు. కరీంనగర్‌లో వనజ కూడా అదే చుక్కను చూసి నిశ్చింతగా ఉంది. చెట్ల కింద ఉన్నది తెగిన పట్టీ, దానికున్న డబ్బా. ఆవు జొన్నచేలో ఉంది. వెతుక్కుంటూ వెళ్లేసరికి కాళ్లు చాచి పడి ఉంది. మొగుడు పోయిన మగ్దలేనమ్మ పాలు పోసి ఇల్లు నెట్టుకొచ్చేది ఆ ఒక్క ఆవుతోనే. దూడ ఇంకా పాలు మరవలేదు.

వనజ ఆ పట్టీని తీసుకుని నేరుగా పర్శరాములు దగ్గరికి వచ్చింది. ఏడ్చినట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఎట్ల తెగింది కాకా?"

పర్శరాములు పట్టీని చేతిలోకి తీసుకోగానే ఆయనకు విషయం తెలిసిపోయింది. తెగిన చోట నూలు పీచుపీచుగా ఉంది, వేళ్లకు జిగురుగా తగిలింది. ముసలవ్వలు ఒకరి తలలో ఒకరు పేలు చూసుకున్నట్టు ఆవులు ఒకదాని మెడ ఒకటి నాకుతాయి. నానిన గంజి, దానికి తోడు చెమట ఉప్పు. పక్క ఆవు నాకి నాకి, నమిలి, కొరికేసింది. ముడి మాత్రం చెక్కుచెదరలేదు. బురద కింద ఎర్రపోగు కనిపించింది. ముడి సరిగ్గా దాని మీదే ఉంది.

ఇవన్నీ చూశాడు. చూసి ఇలా అన్నాడు:

"ఢీలగ కట్టినట్టుంది బిడ్డా. ఢీలగుంటె జారి పక్కావు నోటికి అందుతది గద."

అంతే, ఒక్క మాట. ఎవరి మీదా పగతో అనలేదు. యేసుదాసు పేరు కూడా ఎత్తలేదు. తన పనికి పేరు పోతుందన్న భయంలో నోటికి ముందు వచ్చింది అదే. పిరికితనం ఎప్పుడూ ఇలాగే, పక్కవాడి భుజం మీద చెయ్యేసినంత తేలిగ్గా బరువు దించేస్తుంది. వనజ డబ్బా విప్పుకుని పట్టీని ఆయన దగ్గరే వదిలి వెళ్లింది.

ఆ మాట ఆమెతో పాటే ఊళ్లోకి వెళ్లింది. ముడి సరిగ్గా వేయలేదు, పైగా చెట్టు కింద పండుకున్నడు అన్నారు జనం. మరుసటి పొద్దు చెరువు కట్ట దగ్గరికి సగం పశువులే వచ్చాయి. వారం తిరిగేసరికి అవీ లేవు. ఎవరి పశువులను వాళ్లే తోలుకున్నారు. యేసుదాసు ఎవరితోనూ వాదించలేదట.

ఈ కబురు ఖానాపూర్ చేరాక పర్శరాములు మగ్గం మూగబోయింది. రేపు వెళ్లి చెబుతానని ప్రతి పొద్దూ అనుకున్నాడు. ఎండ ముదిరిందని ఒకనాడు, మోకాలు నొప్పని ఒకనాడు ఆగిపోయాడు. కమలవ్వ అన్నం వారుస్తుంటే ఆ వాసనకు లేచి బయటకు పోయేవాడు. తను సిగ్గుపడుతున్నాడని ఆయనకు తెలుసు. సిగ్గుపడితే సరిపోదని కూడా తెలుసు. అది ఇంకా బాధ.

ఒకనాడు నవారు చుట్టల వెనక దాచిన పట్టీ కమలవ్వకు దొరికింది. ముడినీ, దాని కింది ఎర్రపోగునూ చూసింది. తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"గంజి నేనే ఇచ్చిన. నా పాలు తప్పు నేను మోస్త. గని గా మాట నువ్వన్నవ్, నువ్వే వోయి వాపస్ తీసుకో."

మర్నాడే పర్శరాములు ఆ ఊరు వెళ్లాడు. పశువులు నీళ్లకు వచ్చే వేళకు చెరువు కట్ట మీద నిలబడి, మిగిలిపోయిన గంజి పట్టీ ఒకటి తడిపి చేతిలో పట్టుకున్నాడు. ఒక ఆవు వచ్చి నాకింది. ఇంకొకటి దాన్ని నెట్టుకుని వచ్చి కొస నోట పెట్టుకుని నమలసాగింది. జనం పోగయ్యారు. చెప్పాల్సింది చెప్పాడు, గంజి సంగతీ, ముడి సంగతీ, తన అబద్ధం సంగతీ.

వెనక నిలబడి విన్న మగ్దలేనమ్మ ముందుకు వచ్చింది.

"ఆవు పోయిన ఏడుపు నాది, నేనేడుస్తనే ఉన్న. గీ ముచ్చట మాకెందుకు జెప్తున్నవే అన్నా? యేసుదాసు కాగజ్‌నగర్ వోయి హమాలి పని జేస్తుండు. వోయి గాయనకు జెప్పు."

పర్శరాములు ఇంటికి రాకుండా అటే బస్సెక్కాడు.

కాగజ్‌నగర్‌లో ఒక కట్టెల అడితి ముందు, లారీ దించి నీడన కూర్చున్న యేసుదాసు కనిపించాడు. భుజం మీద చర్మం లేచిపోయి ఉంది. పర్శరాములును చూసి, కూర్చునేందుకు పక్కన చోటిచ్చాడు. కుశలం కూడా అడగకుండా పర్శరాములు సంచిలోంచి ఆ తెగిన పట్టీ తీసి ఆయన ఒళ్లో పెట్టాడు. అంతా చెప్పాడు. చివర్న, "తప్పు నాది తమ్మీ" అన్నాడు.

యేసుదాసు పట్టీ మీది బురదను బొటనవేలితో తుడిచాడు.

"ఎర్రపోగు మీదనే వడ్డదా?"

"మీదనే."

"గట్టిగనే ఉన్నదా?"

"గట్టిగనే ఉన్నది."

యేసుదాసు ముడి మీద వేలు పెట్టి ఒత్తి చూశాడు.

"అన్ని ఆవులకు ఏసిన ముళ్లు యాదికొస్తున్నయన్నా. ఎర్రావుది ఒక్కటే యాదికొస్తలేదు. గందుకే ఢీలగ కట్టిన్నేమో అనుకున్న. పండుకున్న మాటైతే నిజమే. ముడి గూడ నేనే చెడగొట్టిన్నని మగ్దలేనమ్మ కాళ్లు మొక్కి వచ్చిన."

పర్శరాములు తల దించుకున్నాడు. జనం నమ్ముతారని ఆయనకు తెలుసు. యేసుదాసే నమ్ముతాడని ఒక్కనాడూ అనుకోలేదు. ఊరికి తిరిగి రమ్మని అడగాలని వచ్చినవాడు ఆ మాట అడగలేకపోయాడు.

లోపల నుంచి ఎవరో కేకేశారు, ఇంకో లారీ వచ్చింది. యేసుదాసు లేవలేదు. గోటితో ముడిని విప్పబోయాడు. వానకు తడిసి ఎండకు ఎండిన ముడి, కదల్లేదు. పళ్లతో పట్టి లాగాడు, రాలేదు. రెండు చేతులా పట్టుకుని, ఆవు మెడ మీద కట్టినప్పుడు లాగి చూసినట్టే లాగి చూశాడు. తర్వాత దాన్ని అలాగే అంగీ జేబులో పెట్టుకుని లారీ దగ్గరికి వెళ్లిపోయాడు.