దగ్గర కూర్చోవడం

కాకినాడ నుంచి మండపేట మీదుగా రాజమండ్రి వెళ్ళే బస్సులో ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటున్నాను. పక్క సీట్లో ఉన్న యాభై దాటిన ఆవిడ చాలాసేపు చూసి, "సాఫ్ట్‌వేరాండీ?" అని అడిగారు. అవునన్నాను.

"మీదే నయమండి. ఎక్కడ కూర్చుంటే అక్కడే ఆఫీసు. నాకు మండపేటలో పళ్ళ క్లినిక్ ఉంది. సొంతమే కాబట్టి ఎప్పుడు మూసుకున్నా నా ఇష్టం అనుకునేదాన్ని."

ఆవిడ తన చేతులకేసి చూసుకున్నారు.

"నాన్నగారికి బాలేదని ఫోనొచ్చేసరికి ఒకాయనకి రూట్ కెనాల్ సగంలో ఉంది. దూది పెట్టి, పైన తాత్కాలికంగా మూసేసి, రేపు రమ్మనొచ్చు. రోజూ చేసేదేనండి అది. ఇంకో అరగంటే కదా, పూర్తి చేసేద్దామనుకున్నాను. నేను వెళ్ళేసరికి ఆయన లేరు."

నా ఒళ్ళోకి చూసి, "మీకా బాధ లేదు. లాప్‌టాప్ పట్టుకెళ్ళి దగ్గరే కూర్చోవచ్చు" అన్నారు.

నిజమే. తమ్ముడి ఆఖరి రోజున ఆస్పత్రిలో వాడి మంచం పక్కనే కూర్చున్నాను, ఒళ్ళో ఇదే లాప్‌టాప్‌తో. మీటింగులో మాట్లాడుతుండగా వాడు నా చొక్కా పట్టుకుని ఏదో అడిగాడు. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాను. మీటింగయ్యేసరికి వాడికి స్పృహ లేదు. మళ్ళీ రాలేదు.

"అవునండి, కూర్చోవచ్చు" అన్నాను.

ఆవిడ మండపేటలో దిగిపోయారు.

మంచినీళ్ళే అడిగి ఉంటాడు.