ఈశాన్యానికి జరిగిన రాయి

మొన్న మా అల్లుడు పలకంత తెర ఒకటి నా ముందు పెట్టి, తన పనిచోటు ఎలా ఉంటుందో చూడమన్నాడు. శంషాబాద్‌లో గోదాముల కోసం గుంతలు తవ్వే కూలీలకు ప్రమాదం జరగకుండా చూసే ఉద్యోగం అతనిది. ఆ తెర మీది పటంలో, భూమిలో కరెంటు తీగ ఉన్నచోటు, మట్టి జారేచోటు ఎరుపు. భయం లేనిచోటు ఆకుపచ్చ. కూలీ ఎరుపు దగ్గరికి అడుగు వేస్తే వాడి టోపీలోనే గంట మోగుతుందట. ఎంత ముచ్చటగా చెప్పాడో! నాకు మాత్రం కడుపు మండింది. మా అన్న తలకు తువ్వాలు చుట్టుకుని గుంతలోకి దిగేవాడు.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తొంభైలలో హైదరాబాదులో ఆరాంఘర్ దాటితే శంషాబాద్ దాకా రోడ్డుకు రెండువైపులా జొన్నచేలు, ద్రాక్షతోటలు ఉండేవి. చూస్తుండగానే అవన్నీ హద్దురాళ్ళ ప్లాట్లయిపోయాయి. పదో తరగతి రెండుసార్లు తప్పిన ఘనురాలిని కనుక నేను అన్న వెంట మట్టి తట్టలు మోయడానికి వెళ్ళేదాన్ని. అన్న తవ్వుతూనే ఆదివారం చర్చిలో పాడబోయే పాట సాధన చేసేవాడు, శ్రుతి మాత్రం ఏనాడూ కుదిరేది కాదు.

మా వైపు పాత బావిని పూడ్చితే, ఆ ఇంటివాళ్ళు సరిగ్గా దాని నడుమ ఒక రాయి పాతి పసుపు కుంకుమ పెట్టేవారు. బావిలో పోసిన మట్టి ఏళ్ళ తరబడి గట్టిపడదు, పక్కన గుంత తవ్వితే గోడ కూలుతుంది. తవ్వేవాళ్ళకు ఆ రాయే హెచ్చరిక. మాది ఏసుప్రభువును నమ్మిన ఇల్లే అయినా, అన్న ఆ రాయి కనబడితే చెయ్యెత్తి మొక్కి దూరంగా తవ్వేవాడు. రైతు పాతిన రాయి అబద్ధమాడదని అతని నమ్మకం.

ఆ రోజు ఒక పెద్ద ప్లాటులో సెప్టిక్ ట్యాంకు కోసం వాయవ్య మూల తవ్వుతున్నాం. బావి రాయి ఈశాన్యంలో ఉంది.

"రాయి గాడుంది గద చెల్లె, గీడ గట్టి భూమే" అన్నాడు అన్న.

పైన మొరం మట్టి పోసి రోలరు తిప్పారేమో, పైపైన గడ్డపారకూ గట్టిగానే తగిలింది. నిలువులోతు దిగాక పక్క గోడ ఒక్కసారిగా జారింది. నేను తట్ట దించి వచ్చేసరికి గుంత లేదు, అన్న లేడు. గోళ్ళు ఊడేలా తవ్వాం. బయటికి తీసేసరికి ఊపిరి లేదు.

ఆ భూమి అమ్మిన ముసలి రైతు పరుగున వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "బావి గిక్కడ గద బిడ్డా! నేను పాతిన రాయి గా మూలకెట్ల పోయింది?"

ప్లాట్ల యజమాని కోస్తా మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. "వాయవ్యంలో బావి ఉందంటే ఎవరు కొంటారమ్మా? ఈశాన్యంలో ఉంటే కళ్ళకద్దుకుంటారు. అందుకే జరిపించాం."

రాయిని జరిపితే కింద బావి కూడా జరుగుతుందనుకున్నాడు కాబోలు, మహానుభావుడు. ఊళ్ళోవాళ్ళు మా అన్న తలరాత అన్నారు. అన్న కోసం చర్చివాళ్ళు మా ఇంట్లో జరిపిన ఆదరణ కూడిక అయిన మర్నాడు అటు వెళ్ళి చూస్తే, రాయి ఈశాన్యంలోనే ఉంది. కొత్తగా పసుపు పూశారు. కొనవచ్చిన దంపతులెవరో దానికి దణ్ణం పెడుతున్నారు. ఆ పసుపు చూసినప్పుడు కలిగిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

అన్న పోయిన ఆ చోటు తన తెర మీద చూపించమని మొన్న అల్లుణ్ణి అడిగాను. వేలితో జరిపి చూపించాడు. ఇప్పుడక్కడ విమాన ప్రయాణికులు దిగే హోటలు ఉంది, పక్కనే ఇంకొకటి కట్టబోతున్నారట. అంతా ఆకుపచ్చ.

పాత బావుల సంగతి దీనికెవరు చెబుతారని అడిగాను.

"తీగలు, పైపులు మిషన్లు చూస్తయ్ అత్తమ్మా. బావులంటే ఇగ, భూమి కొన్నోళ్ళు ఏం చెప్తే గదే ఎక్కిస్తం" అన్నాడు.

ఆ కాలంలో రాయి జరపాలంటే కనీసం ఇద్దరు మనుషులు వంగి మోయాల్సి వచ్చేది.