ఎర్రగీతలు లేని గొర్రెలు

హిందూపురంలో ఒక తెలుగు దినపత్రికకు స్టాఫ్ ఫొటోగ్రాఫర్‌గా చాలాకాలం పనిచేశాను. పెనుకొండ, ధర్మవరం కూడా నా పరిధిలోనే ఉండేవి. ఈ సంగతి నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, మే నెల చివరి వారంలో జరిగింది. పొద్దున ఏడు గంటలకు మా పెనుకొండ విలేకరి ఫోన్ చేశాడు. కొత్తచెరువు పోయే దారిలో ఒక పల్లె దగ్గర నిన్న సాయంత్రం పిడుగు పడి గొర్రెలు చచ్చిపోయాయట. పశువుల డాక్టరు జేసీబీ తెప్పిస్తున్నాడు, పూడ్చేలోపు రమ్మన్నాడు. బండి తీసి బయల్దేరాను.

గుట్ట కింద వేపచెట్టు చుట్టూ పద్నాలుగు తెల్లగొర్రెలు పడి ఉన్నాయి. పిడుగుపాటుకు చచ్చిన జీవాలకు గాయం పెద్దగా కనబడదు, రక్తం ఉండదు. పడుకుని లేవడం మరిచిపోయినట్టు ఉంటాయి. కాపరి బీరప్ప ఒక గొర్రె దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చేతిలో చిన్న కత్తి పట్టుకుని దాని చెవి అందుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

ఆ చెవి సంగతి చెప్పాలి. మా వైపు గొర్రెలను పాలుకు ఇచ్చే పద్ధతి ఉంది. గొర్రెలు ఒకరివి, మేపేది ఇంకొకరు, పుట్టిన పిల్లల్లో ఇద్దరికీ వాటా. మందలో ఎవరివి ఏవో తెలియడానికి ఒక్కో యజమాని ఒక్కో గుర్తు పెట్టుకుంటాడు. చెవికి గాటు వేసి, వీపు మీద రంగు పూస్తారు. గొర్రె చచ్చిపోతే కాపరి ఆ గాటున్న చెవి కోసుకుపోయి యజమానికి చూపించాలి. చెవి చూపించకపోతే కాపరి దాన్ని అమ్ముకుని చచ్చిందని చెబుతున్నాడనే లెక్క. కాగితాలు లేవు, సంతకాలు లేవు, అంతా ఆ చెవి ముక్క మీదే నడుస్తుంది. చచ్చిన పద్నాలుగింటిలో తొమ్మిది ధర్మవరంలో మగ్గాలు నడిపించే సూర్యనారాయణ అనే ఆయనవి. వాటి వీపుల మీద అడ్డంగా రెండు ఎర్రగీతలున్నాయి. తక్కిన అయిదూ బీరప్ప సొంతం, వాటికి గుర్తు లేదు.

నేను బీరప్పను ఆపాను. ఆపిన కారణం కూడా చెప్పేస్తాను, దాచి ఏం లాభం. చెవి కోస్తే ఎంతోకొంత రక్తం వస్తుంది. రక్తం కనబడే ఫొటోకు మా పత్రికలో చోటుండదు, డెస్కువాళ్లు పక్కన పడేస్తారు. పైగా ఏడుస్తున్న కాపరి చూడ్డానికి ఒక తీరు, కత్తి పట్టుకున్న కాపరి ఇంకో తీరు. నాకు మొదటి మనిషి కావాలి.

“రెండు నిమిషాలు ఆగప్పా,” అన్నాను.

“చెవులు కోసుకోవల్ల సారూ. ఆయప్పకు చూపియ్యల్ల,” అన్నాడు.

“చెవులెందుకప్పా? రేపు పేపర్లో గీతలతో సహా పడతాది. దానికంటే సాక్ష్యం ఏం కావల్ల?” అన్నాను.

అతను నా కెమెరా వైపు, అంత పొడుగు లెన్సు వైపు చూశాడు. కత్తి మొలలో దోపుకున్నాడు. గొర్రెల మధ్య కూర్చోమంటే కూర్చున్నాడు. తువ్వాలు నోట్లో కుక్కుకొమ్మని నేను చెప్పలేదు, ఆ ఒక్కటీ అతనే చేశాడు. నేను ముప్పై దాకా ఫ్రేములు కొట్టాను. నేను లేచేసరికి జేసీబీ గుంత తవ్వేసింది. డాక్టరు ఇంకో ఊరికి పోవాలని తొందరపడుతున్నాడు. గొర్రెలను తోసి, సున్నం చల్లి, మట్టి కప్పేశారు. బీరప్ప ఒకసారి ముందుకొచ్చి మళ్లీ నా మొహం చూసి ఆగిపోయాడు. వీఆర్వో పంచనామాలో పద్నాలుగు గొర్రెలు అని రాసుకున్నాడు. గుర్తులు రాయడం ఆయన పని కాదు.

మధ్యాహ్నానికి మూడు ఫొటోలు అనంతపురం డెస్కుకు పంపాను. డెస్కులో ఫొటోలు సరిచేసే ఆపరేటరు ఉంటాడు. వెలుగు పెంచడం, నలుపు తగ్గించడం, అంచులు కత్తిరించడం వరకు అతనికి అనుమతి. దాన్ని టోనింగ్ అంటాం. ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని పెట్టడం రూలు ప్రకారం తప్పు. ఆ రూలు గోడ మీద అంటించి కూడా ఉండేది.

మరుసటి రోజు ఫొటో జిల్లా ఎడిషన్ మొదటి పేజీలో పెద్దగా వచ్చింది. గొర్రెలన్నీ అప్పుడే కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. ఎర్రగీతలు లేవు. నేను ఆ పొద్దునే చూశాను. చూసి, టోనింగ్ శుభ్రంగా చేశారే అనుకుని టీ తాగాను. బీరప్ప నాకు గుర్తుకే రాలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మూడో రోజు అతను ఆ పేపరు మడతపెట్టుకుని హిందూపురం బస్సెక్కి మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“సారూ, ఆయప్ప దీన్ని చూసి నా గుర్తు యాడుండాది రా అంటాండాడు. ఈ చచ్చినేవన్నీ నీవే, నావి తొమ్మిదీ సంతలో అమ్ముకుంటివి అంటాండాడు. చెవులు యాడ అంటే నేనేం చెప్పల్ల?”

ఊళ్లోవాళ్లు చూశారు కదా అన్నాను. నీ ఊరోళ్లు నీ మాటే చెప్తారని సూర్యనారాయణ అన్నాడట. గుంత తవ్వుతానంటే, రోగాలొస్తాయని డాక్టరు ఒప్పుకోలేదట. ఆ ఇంటి గొర్రెలను బీరప్ప నాయన కాలం నుంచి మేపుతున్నారు. ఇప్పుడు ధర్మవరంలో, చుట్టుపక్కల పల్లెల్లో అతన్ని దొంగ అంటున్నారు. అతనికి కావలసింది ఒక్కటే, తాను దొంగ కాదని ఆయన నోటితో అనిపించుకోవడం.

వెంటనే డెస్కుకు ఫోన్ చేశాను. ఎడిషన్ ఇన్‌చార్జి ఆపరేటరును అడిగి చెప్పాడు. ఆ కుర్రాడు పట్నంలో పెరిగినవాడు. గొర్రెల మీద ఎరుపు కనబడితే రక్తం అనుకున్నాడు. మొదటి పేజీలో రక్తం వద్దనే రూలు ఉంది కదా, తుడిచేశాడు. తనకు తెలిసిన ఒక రూలు కోసం ఇంకో రూలు తప్పాడు. చిన్న సవరణ వేయమని అడిగాను. “మనమే ఫొటో మార్చామని మనమే వేసుకుంటే రేపట్నుంచి ఏ ఫొటోనైనా ఎవరు నమ్ముతారండీ?” అన్నాడాయన. ఒరిజినల్ సంస్థ ఆస్తి, బయటివాళ్లకు ఇస్తే క్రమశిక్షణ చర్య ఉంటుందని కూడా గుర్తుచేశాడు. మర్యాదగానే చెప్పాడు.

నేను బీరప్పతో, కనుక్కుంటున్నాను, నాలుగు రోజులు ఓపిక పట్టు అన్నాను. అబద్ధం. కనుక్కోవాల్సింది ఇంక ఏమీ లేదు. ఒరిజినల్ నా కంప్యూటర్‌లోనే ఉంది. ఉద్యోగం పోతుందని నాకు భయం. సిగ్గు లేకుండా ఇంకోటి కూడా చెబుతాను. ఆ నెల యూనిట్ మీటింగులో ఉత్తమ చిత్రంగా ఆ ఫొటోనే ఎంపికచేసి నాకు షీల్డు ఇచ్చారు. చప్పట్లు కొడుతుంటే వేదికెక్కి తీసుకున్నాను. ఎర్రగీతలు లేని ఫొటోకు బహుమతి తీసుకుని, గీతలున్న ఫొటో బయటపెట్టడానికి నాకు ఇంకో పది రోజులు పట్టింది.

అప్పటికి సూర్యనారాయణ మందలో మిగిలిన తన గొర్రెలన్నీ తోలుకుపోయాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు యజమానులు కూడా తోలుకుపోయారు. ఆ మాట పెనుకొండ విలేకరి నోటివెంట విన్నాక ఇంక ఆగలేకపోయాను. ఒరిజినల్‌ను పెద్ద సైజులో ప్రింటు తీయించి, బీరప్పను వెంటబెట్టుకుని ధర్మవరం పోయాను. ఆఫీసుకు చెప్పలేదు.

సూర్యనారాయణ చెడ్డవాడేం కాదు. మాకు నీళ్లిచ్చి, ప్రింటు తీసుకుని కిటికీ దగ్గరికి పోయి చాలాసేపు చూశాడు. తొమ్మిదింటి మీదా రెండేసి గీతలు స్పష్టంగా ఉన్నాయి. వేలు పెట్టి లెక్కపెట్టాడు కూడా. తర్వాత పాత పేపరు తెచ్చి పక్కన పెట్టాడు.

“రెండూ మీరు తీసినేవేనా సారూ?”

“రెండూ ఒకటే ఫొటో. పేపర్లో వేసేటప్పుడు మావాళ్లు గీతలు తీసేసినారు. ఇది అసలుది,” అన్నాను.

“అప్పుడు తీసేసిందీ మీరే, ఇప్పుడు పెట్టుకొచ్చిందీ మీరే. మీ ఆఫీసులో ఎరుపు ఎంత కావల్లంటే అంత పూస్తారు గదప్పా. నేను దేన్ని నమ్మల్ల?”

ఫైల్లో తేదీ, గంట ఉంటాయని, ల్యాప్‌టాప్ తెచ్చి చూపిస్తానని చెప్పాను. ఆయన చెయ్యి అడ్డంపెట్టాడు. “అవి కూడా మీ మిషన్లోనివే గదా. నాకు చెవి కావల్ల,” అన్నాడు. ప్రింటు నా చేతికి తిరిగి ఇచ్చేశాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది?

బయటికొచ్చాక ప్రింటు కావాలా అని అడిగితే బీరప్ప వద్దన్నాడు. బస్సు ఎక్కబోతూ, “ఆ పొద్దు రెండు నిమిషాలు ఆగమన్నారు సారూ. ఆగకుండా కోసుకునింటే సరిపోయేది,” అన్నాడు. తిట్టినా బాగుండేది.

అతనికి మళ్లీ ఎవరూ గొర్రెలు పాలుకు ఇవ్వలేదు. తన సొంతం మిగిలినవి అమ్మేసి, భార్యతో కలిసి కూలిపనులకు పోయాడని విన్నాను. నామీద ఏ చర్యా రాలేదు. ప్రింటు చూపించిన సంగతి ఆఫీసుకు తెలియనే లేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ నమ్మలేదు. ఆపరేటరుకు ప్రమోషన్ వచ్చింది.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఎంతవరకు మార్చవచ్చని నన్ను అడుగుతుంటారు. వెలుగు ఎంత, కత్తిరింపు ఎంత అని కొలత కావాలంటారు. నా దగ్గర కొలత లేదు. తుడిచింది ఎరుపు ఒక్కటే, అదీ పొరపాటున. కానీ దాంతో తుడవని ఫొటో కూడా పనికిరాకుండా పోయింది. ఇంకొకటి అంతకుముందే జరిగింది, దానికి ఏ ఆపరేటరూ కారణం కాదు. ఒక మనిషి తన సాక్ష్యం తాను కోసుకుంటుంటే, నా ఫ్రేము చెడిపోతుందని ఆపినవాణ్ని నేను.