ఒకే గిటార్‌కి రెండు కాగితాలు

గత వారం హౌగాంగ్‌లో మా బ్లాక్ కింద ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు నిలబడి ఉన్నాను. లోపలాయన నా ఫోన్ విప్పి ఏదో చిన్న తీగకి టంకం పెడుతున్నాడు. సన్నటి పొగ లేచింది. కాలిన గుగ్గిలం లాంటి వాసన ముక్కుకి తగిలింది. ఆయన ఫోన్ చేతికిచ్చి, "అయిపోయింది, చూసుకోండి" అని రెండుసార్లు అనేదాకా నాకు వినపడలేదు. నాలుగేళ్ళపాటు ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ వాసనలోనే కూర్చున్నాను. అది అప్పలస్వామి అంకుల్ కొట్టు వాసన. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన గురించి ఎక్కడా రాయకూడదనుకున్నాను. ఆ రోజు ఇంటికి వచ్చి రాయడం మొదలుపెట్టాను.

సెరంగూన్ వైపు ఒక పాత షాపింగ్ కాంప్లెక్స్ రెండో అంతస్తులో, ఒక దర్జీ కొట్టుకీ ట్రావెల్ ఏజెన్సీకీ మధ్య ఉండేది ఆయన గిటార్ల కొట్టు. పాత ఎలక్ట్రిక్ గిటార్లు కొనడం, అమ్మడం, బాగుచేయడం ఆయన పని. వాళ్ళ తాత విశాఖపట్నం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లోకి వచ్చాడట. మూడు తరాల తర్వాత కూడా అంకుల్ నోట్లో ఆ ఊళ్ళ తెలుగే ఉండేది, కాకపోతే మధ్యమధ్యలో మలయ్, తమిళం మాటలు దొర్లేవి. నేను ఒంగోలు నుంచి ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, ఈ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళందరూ ఆఫీసువాళ్ళే. కాలేజీలో గిటార్ వాయించేదాన్ని. ఒంటరితనానికి మందులా ఉంటుందని, పాసిర్ రిస్‌లో ఎవరో ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన గిటార్ ఒకటి కొన్నాను. మామూలు గిటార్ కాదు, సంతకం గిటార్. అంటే ఒక పేరున్న వాద్యకారుడి కోసం, అతను చెప్పిన కొలతలతో, అతను కోరిన రంగులో కంపెనీ తయారుచేసి, అతని సంతకంతో అమ్మేది. నేను కొన్న మోడల్‌ని ఆ కంపెనీ ఎప్పుడో ఆపేసింది. అందుకే అంత గొప్పగా అనిపించింది నాకు.

తీగ ఒకటి జుయ్యిమంటోందని అంకుల్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని దీపం కిందికి జరిపి, గిటార్ తల మీద సంతకం ఉన్నచోట గోటితో మెల్లగా గీశాడు.

"సెయ్యి ఇలా పెట్టు. ఏటి తగులుతోంది?"

"అంచు తగులుతోంది అంకుల్."

"తగలకూడదు. ఈ మోడల్‌కి సంతకం వార్నిష్ కింద ఉంటాది. ఇది పైన అతికించినారు." స్క్రూలు నాలుగూ తీసి నెక్‌ని బాడీ నుంచి విడదీశాడు. అది కూర్చునే గుంటలో పెన్సిల్‌తో రాసిన తేదీ గానీ, ముద్ర గానీ ఏమీ లేవు. "గిటార్ మంచిదే. వాయించుకో. కానీ ఆ పేరు దీనిది కాదు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోయిన డబ్బుకి కాదు. ఈ ఊళ్ళో నేను నా కోసం చేసిన మొదటి పనిలోనే మోసపోయాను కదా అని. ఆయన నా ముఖం కేసి చూడకుండా స్క్రూలు మళ్ళీ బిగిస్తూ, "మకాన్ అయ్యిందా?" అన్నాడు. తిన్నావా అని అడగడం. కాలేదన్నాను. కింద నుంచి రెండు పొట్లాలు నూడుల్స్ తెప్పించి, "వచ్చే శనివారం రా. ఎలగ సూడాలో నేర్పుతాను. ఇంకొకడు నిన్ను మోసం చెయ్యకూడదు" అన్నాడు.

అలా మొదలైంది. వెళ్ళిన ప్రతిసారీ బల్ల మీద ఒక గిటార్ ఉండేది, దాని తల మీద తువ్వాలు కప్పి ఉండేది. పేరు చూడకుండా గిటార్‌ని చదవమనేవాడు. పేరు చివర చదవాలి, ముందు చదివితే కళ్ళు ఆ పేరు చెప్పినట్టే వింటాయి అనేవాడు. స్క్రూ రంధ్రాలు చూడమనేవాడు. ఒకటికి రెండు ఉంటే, ఒకటి పూడ్చి ఉంటే, అక్కడి సామాను మార్చారని అర్థం. లోపలి టంకం చుక్కలు చూడమనేవాడు. ఫ్యాక్టరీలో పెట్టినవి వయసుతో మసకబారి ఉంటాయి, మొన్న పెట్టినవి మెరుస్తాయి. ముందు బిగించిన ప్లాస్టిక్ పలకని తీస్తే దాని కింద ఎండ తగలని రంగు కనపడుతుంది. బయటి రంగూ లోపలి రంగూ ఒకేలా ఉన్నాయంటే మళ్ళీ రంగు వేశారన్నమాట. గిటార్ అబద్ధం చెప్పదు, దాన్ని పట్టుకున్నవాడే చెబుతాడు అని ఆయన నమ్మకం. విలువ కట్టడం ఆ తర్వాతి సంగతి. ఎన్ని తయారయ్యాయి, ఎందుకు ఆపేశారు, ఎన్ని చేతులు మారింది, అసలు భాగాలెన్ని మిగిలాయి. చాలా మోడళ్ళు ఆగిపోయింది ఎవరూ కొనకపోవడం వల్లే అని ఆయనే చెప్పాడు. కొట్లలో దుమ్ముపట్టి, సగం ధరకి కూడా పోనివాటి కోసమే ఇవాళ జనం వెంపర్లాడుతున్నారని నవ్వేవాడు.

ఆయనకి ఇంగ్లీషు మాట్లాడటం ధారాళంగా వచ్చు గానీ రాయడానికి జంకేవాడు. రెండో ఏడు నుంచి కొట్టు తరఫున ఇచ్చే కాగితాలు నేనే రాసేదాన్ని. ఈ గిటార్ ఏ మోడల్, ఏవి అసలువి, ఏవి మార్చినవి అని ఆయన చెబితే నేను రాసి, కింద పరిశీలించినది అని నా పేరు పెట్టి సంతకం చేసేదాన్ని. ఒకసారి సెరంగూన్‌లో ఖరీదైన కాండో ఫ్లాట్‌లో ఉండే తెలుగాయన, పెద్ద బ్యాంకు ఉద్యోగి, రంగు మళ్ళీ వేసిన గిటార్ తెచ్చి, అసలు రంగే అని రాసివ్వమన్నాడు. ఎవరికి తెలుస్తుంది అంకుల్, ఇక ముందు అన్నీ మీ దగ్గరే కొంటాను అని చాలాసేపు బతిమాలాడు. అంకుల్ ఆ గిటార్‌ని పెట్టెలో పెట్టి, జాగ్రత్తగా మూత వేసి, ఆయన చేతికిచ్చాడు. ఆయన వెళ్ళాక నాతో అన్నాడు. "రాసేదానికి ఏటుంది. కానీ కింద నీ పేరు ఉంటాదమ్మా. ఒకసారి పడితే తుడవలేవు." ఆ రోజు ట్రైన్‌లో ఇంటికెళుతూ, ఇలాంటి మనిషి దొరికినందుకు ఎంత గర్వపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. ఆ గర్వమే ఇప్పుడు ఎక్కువ బాధపెడుతుంది.

నాలుగో ఏడు, కాంప్లెక్స్ మొత్తం అమ్మేశారని, పడగొట్టి కొత్తది కడతారని నోటీసు వచ్చింది. అంకుల్ దాని గురించి పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడటమే తగ్గించాడు. ఆ రోజుల్లో ఒక శనివారం, అరవై దాటిన మలయ్ ఆవిడ పాత దుప్పటిలో చుట్టిన గిటార్ పట్టుకుని వచ్చింది. పేరు రోకియా. పాసిర్ రిస్‌లో ఉంటానని, హాకర్ సెంటర్‌లో, అంటే తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే చోట, అన్నం కొట్టు నడిపానని చెప్పింది. గిటార్ ఆవిడ తమ్ముడు హమీద్‌ది. ఓడల యార్డులో పనిచేస్తూ కూడబెట్టిన డబ్బుతో వయసులో ఉన్నప్పుడు కొన్నాడట.

"వాడికి ఒంట్లో బాగాలేదు. అమ్మేయమంటున్నాడు" అంది ఆవిడ ఇంగ్లీషులో. "కానీ ముందు ఒక మాట అడిగి రమ్మన్నాడు. ఇది నిజమైనదేనా అని. స్నేహితులంతా నకిలీది అంటగట్టారు నీకు అని వాడిని ఆటపట్టించేవాళ్ళు. అది తెలుసుకోవాలట."

అంకుల్ నన్ను చూడమన్నాడు. నెక్ విప్పాను. గుంటలో పెన్సిల్ తేదీ ఉంది. టంకం చుక్కలు ఎవరూ ముట్టుకోనివి, మసకబారి ఉన్నాయి. పలక కింద లేత ఆకుపచ్చ, బయట ఎండకి పాలిపోయిన ఆకుపచ్చ. సంతకం వార్నిష్ కింద ఉంది, గోటికి ఏమీ తగలలేదు. ఆ రంగులో ఆ మోడల్ చాలా తక్కువ తయారైందని అంకులే ఎన్నోసార్లు చెప్పాడు. నా జీవితంలో నేను చూసిన అన్నిటిలోకీ అది నిజమైన గిటార్. తలెత్తి ఆయనకి ఆ మాట చెప్పబోయాను. ఆయన నాకంటే ముందే, అక్కా అన్నట్టు మలయ్‌లో 'కాక్' అని పిలుస్తూ, ఆవిడతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"నెక్ మార్చినారు, కాక్. రంగు కూడా మళ్ళీ వేసినారు. సంతకం మోడల్ లెక్కలోకి రాదు ఇది."

ఆవిడ ఆయనవైపు కాదు, నావైపు తిరిగింది. "నువ్వు కూడా అలాగే చూశావా, అమ్మాయీ?"

అంకుల్ కూడా నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో ఆజ్ఞ లేదు, బెదిరింపు లేదు. నేను తల ఊపాను. ఎందుకు అని నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. ఆయనకి కారణమేదో ఉండే ఉంటుందనుకున్నాను. బయటివాళ్ళ ముందు ఆయనను కాదనడం నాకు రాదు. నాకు అన్నీ నేర్పిన మనిషి ముందు నాకు తెలిసినది నాకే తప్పుగా అనిపించింది కొంచెంసేపు. ఆ కొంచెంసేపు చాలింది. ఆవిడ తమ్ముడికి చూపించడానికి కాగితం కావాలంది. అంకుల్ చెప్పినట్టు రాశాను. నెక్ అసలుది కాదు, రంగు తర్వాత వేసినది. కింద నా పేరు. ఆవిడ ఆ కాగితమూ, అంకుల్ ఇచ్చిన కొద్ది డబ్బూ తీసుకుని, గిటార్ వదిలేసి, దుప్పటి మడత పెట్టుకుని వెళ్ళిపోయింది.

అంకుల్ ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్న గిటార్ కాబట్టి ఆశ పడ్డాడు, తనకోసం ఉంచుకుంటాడు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రెండు నెలలకి టోక్యోలో ఎవరో సేకరించే ఆయన కొంటున్నాడని, ఉత్తరం రాయాలని అన్నాడు. అన్ని భాగాలూ అసలువే, రంగు ఫ్యాక్టరీలో వేసినదే అని రాశాను. నేను రాస్తున్నది నిజమే కదా అనుకున్నాను. నిజమే. అందుకే ఆగకుండా కింద సంతకం కూడా చేశాను. ఆ తర్వాత శనివారాలు ఏదో ఒక పని కల్పించుకుని మానేశాను. కొట్టు మూసేసిన రోజున కూడా వెళ్ళలేదు.

ఏడాది తర్వాత రోకియా గారి దగ్గర నుంచి ఒక మెయిల్ వచ్చింది. టోక్యో ఆయన తన గిటార్ ఫోటోలతో పాటు నా ఉత్తరాన్ని కూడా ఆన్‌లైన్‌లో పెట్టుకున్నాడు. రోకియా గారి కొడుకు అది చూశాడు. హమీద్ ఉంగరం తగిలి బాడీ మీద పడిన గీత చూసి గుర్తుపట్టాడు. ఆవిడ నన్ను పాసిర్ రిస్‌లో హాకర్ సెంటర్‌కి రమ్మంది. వెళ్ళాను. తిట్టడానికి పిలిచిందనుకున్నాను. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. రెండిటి కిందా నా పేరు.

"ఏది నిజం?" అని అడిగింది.

రెండోది అన్నాను. డబ్బు ఇస్తాను, ఎంతైనా సరే అన్నాను. ఆవిడ వద్దని కూడా అనలేదు. ఆ మాటే విననట్టు మొదటి కాగితాన్ని మడతపెట్టింది.

"ఆ రోజు నేను తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి ఈ కాగితం వాడికి చదివి వినిపించాను. అందరూ అన్నది నిజమే అన్నమాట, నేనే వెర్రివాణ్ణి అన్నాడు. ఇంక దాని గురించి మాట్లాడలేదు. పదకొండు రోజులకి పోయాడు." రెండో కాగితాన్ని వేలితో నావైపు జరిపింది. "ఇది చాలా బాగా రాశావు. ఇప్పుడు ఎవరికి చదివి వినిపించను?"

ఆవిడ కాఫీ తాగడం పూర్తిచేసి, గ్లాసు ట్రేలో పెట్టి, ట్రే తనే తీసుకెళ్ళి పెట్టేసి వెళ్ళిపోయింది.

అక్కడి నుంచి తిన్నగా అంకుల్ ఇంటికి వెళ్ళాను. హౌగాంగ్‌లో చిన్న ఫ్లాట్‌లో ఒక్కడే ఉంటున్నాడు. బాగా చిక్కిపోయాడు. టీవీ నడుస్తోంది. జరిగినదంతా చెప్పాను. మధ్యలో టీవీ ఆపేశాడు.

"ఎందుకు అంకుల్?"

రిమోట్ పక్కన పెట్టి అన్నాడు. "బతుకంతా అందరికీ నిజాలు సెప్పినాను. ఆ నిజాలు పట్టుకుని అందరూ బాగుపడ్డారు. కొట్టు పోతన్నాది, నాకేటి మిగిలింది అనిపించింది. ఒక్కటి, నాకోసం, అనుకున్నాను." నా వైపు తిరిగి, "నీ వైపు సూసినాను, గుర్తుందా? నువ్వు కాదంటావనుకున్నాను. అనుంటే ఆగిపోదును" అన్నాడు.

"అయితే తప్పు నాదా?"

"తప్పు నాదేనమ్మా. నానొక్కణ్ణే చెయ్యలేదు, అంతే."

ఆ మాటకి ఆయనను అసహ్యించుకున్నాను. బయటికి వచ్చేశాను. లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా తొమ్మిది అంతస్తులు మెట్లు దిగాను. తర్వాత ఆయన రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆరు నెలలకి పోయాడని తెలిసింది. అంత్యక్రియలకి వెళ్ళాను. పాత వాద్యకారులు, కొట్టుకి వచ్చే జనం చాలామంది వచ్చారు. స్వామి నోట అబద్ధం రాదు, ఆయన చెబితే ఇక తిరుగులేదు అని ఒకరి తర్వాత ఒకరు చెప్పుకున్నారు. వాళ్ళ విషయంలో అది నిజమే. నేను పక్కన నిలబడి విన్నాను. ఆయన దగ్గర నేర్చుకున్న అమ్మాయి అని ఎవరో నన్ను చూపించి చెప్పారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి నా చేతులు పట్టుకున్నారు.

ఆయన నన్ను మోసం చేయలేదు. మోసం ఎలా ఉంటుందో చూసే కళ్ళిచ్చాడు, తర్వాత నా కళ్ళముందే చేశాడు, నన్ను సాయం పట్టమన్నాడు, నేను పట్టాను. ఈ నాలుగు మాటల్లో దేన్ని తీసేసినా ఆయన గురించి చెప్పింది అబద్ధమవుతుంది. అందుకే ఆయనను పూర్తిగా ప్రేమించడమూ కుదరడం లేదు, వదిలేయడమూ కుదరడం లేదు.

ఇప్పటికీ ఎవరో ఒకరు గిటార్ ఫోటోలు పంపి, ఇది అసలుదేనా, ఎంత చేస్తుంది అని అడుగుతుంటారు. ఆయన నేర్పినట్టే చూస్తాను. అంతకంటే బాగా చూడటం నాకు తెలియదు. కానీ జవాబు చెప్పేముందు నేను ఒక ప్రశ్న అడుగుతాను, అది ఆయన నేర్పినది కాదు. ఈ సంగతి తెలుసుకోవాలని మీ ఇంట్లో ఎవరైనా ఎదురుచూస్తున్నారా అని. చాలామంది నవ్వి, లేదండీ, నేనే అంటారు. ఎప్పుడో ఒకరు, మా నాన్నగారు అనో, మా ఆయన అనో అంటారు. అప్పుడు నేను మెసేజ్ పెట్టను. వాళ్ళున్న చోటికి వెళతాను, ఆ మనిషి ఎదురుగా కూర్చుని, ఉన్నది ఉన్నట్టు నా నోటితో చెబుతాను.