ఎర్రగుడ్డ కట్టిన మొక్కలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, కొత్త టీచరుద్యోగం, చీపురుపల్లికి దగ్గర్లో ఓ పల్లెటూరి బడి. అంతకన్నా గర్వానికి ఏం కావాలి? ఊరి వెనక కొండని పొయ్యికట్టెల కోసం బోడిగుండు చేసేశారని బాధపడి, రిటైరైన డ్రిల్లు మేష్టారొకాయన (ఊరందరికీ డ్రిల్లు మావ) నలుగురిని పోగేసి ఆదివారం బృందం ఒకటి పెట్టారు. కొండ మీద తుప్పలు కొట్టడం, మేకల్ని తోలెయ్యడం, మొక్కలకి నీళ్లు మొయ్యడం మా పని. చేరిన మూడో వారానికే నేను అందరికీ సలహాలు చెప్పడం మొదలెట్టాను.

తొలి వానలు పడగానే మావ కంటి ఆపరేషనుకి ఆమదాలవలసలో కూతురింటికి బయల్దేరారు. "టీచరమ్మా, తుప్పలు కొట్టించు. నా ఇప్ప మొక్కలు మాత్రం జాగర్త" అన్నారు. ఇప్ప మొక్క ఎలా ఉంటుందని అడిగితే నా పరువేం కాను? అలాగేనన్నాను. ఆదివారం వచ్చేసరికి మిగతావాళ్లంతా పొలాల్లో విత్తనాల పనిలో పడ్డారు. నేనొక్కదాన్నే కొడవలి పట్టుకుని కొండెక్కాను. చూస్తే, అంతకు ముందు నేనెప్పుడూ వెళ్లని పక్కన అక్కడక్కడ మొక్కలకి ఎర్రగుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. మా నాన్న రోడ్ల శాఖలో పనిచేసేవారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టెయ్యాల్సిన చెట్లకే ఎర్ర గుర్తు పెడతారని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఇంకేం, గుర్తున్నవన్నీ మొదలంటా కోసేశాను. మొత్తం పద్దెనిమిది. (పీలికలు వృథా కాకూడదని మడతపెట్టి ఇంటికి కూడా తెచ్చాను.)

నేను అద్దెకున్న ఇంటిగల అత్త వాటిని చూడగానే గుండెల మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మ ఓలమ్మ! ఇవి నా పాత సీర పీలికలే గదా! తుప్పల్లో ఇప్ప మొక్కలు తెలవాలని డ్రిల్లు మావ అడిగి కట్టుకున్నాడు. ఎండలన్నీ బిందెల్తో నీళ్లు మోసినాడే. ఏటి సేసినావే పిల్లా?"

ఆ మర్నాటి నుంచీ రోజూ పొద్దున్నే మావ ఫోను. "మొక్కలెలాగున్నాయమ్మా?" "పచ్చగా ఉన్నాయి మావయ్యగారూ." ఆయన రైలెక్కుతున్నానన్న రోజున నాకో దిక్కుమాలిన ఉపాయం తట్టింది. అత్త పెరట్లోని మునగ కొమ్మలు విరిచి, ఆ మొదళ్ల పక్కన పాతి, పీలికలు తిరిగి కట్టేశాను. ఆయన చూపు కుదురుకునే లోపల ఇప్ప మొక్కలు ఎక్కణ్నుంచైనా తేవచ్చని నా ధైర్యం.

మావ నల్ల కళ్లద్దాలతో నేరుగా కొండెక్కేశారు. ఒక కొమ్మ దగ్గర కూర్చుని ఆకు తడిమారు, వేళ్ల మధ్య నలిపారు. "బాగా సిగురేసినాయమ్మా" అని లేచి దిగిపోయారు.

గండం గడిచిందని సంతోషించాలి కదా! రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు బడి వదలగానే ఆయన గుమ్మంలో నిలబడి, ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"తెలుసమ్మా" అన్నారు మావ. "డాక్టరు కంటికి కోసినాడు గానీ ముక్కుకి కోయలేదు గదా. మునగాకు వాసన తెల్దేటి నాకు?"

"మరి చిగురేశాయన్నారే?"

"అప్పుడు వణికిపోతన్నావు. ఇంకేటి అంటాను?" అని, సంచిలోంచి గుప్పెడు ఇప్ప గింజలు తీసి నా చేతిలో పోశారు. "ఏడుపాపి ఇవి పాతు. ఈపాలి నీళ్లు నువ్వే మోయాల."

మోశాను, మూడు వేసవులు. ఆ ఇప్ప చెట్లు ఇప్పుడు నాకన్నా బాగా ఎత్తు. మధ్యలో రెండు మునగ కొమ్మలు కూడా బతికి, నా తెలివికి సాక్ష్యంగా ఏటా కాయలు కాస్తున్నాయి. మావ లేరు. బృందానికి ఇప్పుడు నేనే పెద్ద దిక్కు. కొత్తగా చేరినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ, ఏ మొక్కనైనా ఆకు నలిపి వాసన చూడందే నేను కొడవలి వెయ్యను.